చిక్కెంటికల మూట

"మళ్ళొక్కసారి పెడుత. ఈసారన్న మంచిగ ఇను," అని శోభారాణి ఫోన్‌ను స్టూలు మీద పెట్టి సౌండు పూర్తిగా పెంచింది.

పొద్దటి నుంచి ఇది నాలుగోసారి. వద్దని చెప్పే ఓపిక కోడలు స్రవంతికి లేదు. మంచం మీద కూతురు తేజస్వి మూడు రోజుల జ్వరంతో కాళ్ళు ముడుచుకుని పడుకుంది. నుదుటి మీద వేసిన తడిగుడ్డ ఐదు నిమిషాలకే వెచ్చబడుతోంది.

ఫోన్లో ఆడగొంతు మొదలైంది. పక్కింటావిడ గోడ మీంచి వంగి గుట్టుగా చెబుతున్నట్టు ఉంది.

"అక్కలారా, జర ఇనుండ్రి. చిక్కెంటికలకు గిన్నెలిచ్చే ముసలామె మీ గల్లీకి వస్తే తలుపు తీయకుండ్రి. ఆమె తీస్కపోయేటియి ఉత్త ఎంటికలు కావు. ఎంటికలిచ్చిన ఇంట్ల మూడో దినం ఆడపిల్ల మంచం పడుతాంది. మా చుట్టాలింట్ల అయ్యింది. నా కండ్లార చూసిన."

ఇంతవరకూ స్రవంతికి కొత్తేమీ లేదు. ఈ మాటలు ఆమెవే, గొంతూ ఆమెదే. పోయిన శనివారం బళ్ళో, తేజస్వి కూడా ఉన్న తొమ్మిదో తరగతి పిల్లలకు దొంగవార్త ఎట్లా తయారవుతుందో చూపిద్దామని, తానే ఒకటి అల్లి, తన ఫోన్లోనే రికార్డు చేసి వినిపించింది. పాఠం అయిపోగానే పిల్లలందరి ముందూ చెరిపేసింది కూడా. చెరిపేసిన ఆ మాట గురువారం నాటికి తాముండే గిర్మాజీపేట గల్లీలోకి, ఆ సాయంత్రానికి అత్తగారి ఫోన్లోకి ఎట్లా వచ్చిందో తెలియక, అప్పటి నుంచి గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తిరుగుతోంది.

కానీ ఈ పొద్దున వచ్చినదానికి తోక మొలిచింది.

"ఆమెను గుర్తువట్టుడు అల్కగనే," అంటోంది గొంతు. "ఎడమకాలు కుంటుతది. ఆకుపచ్చ సంచి భుజానికుంటది. ఎవలన్న అడిగితె కట్టమ్మ అని చెప్తది. ఎంటికలు తీస్కునేటప్పుడు పిల్ల పేరు అడుగుతది. పేరు చెప్పకుండ్రి. చెప్పినోళ్ళు ఏడుస్తాన్రు."

ఇది స్రవంతి అనలేదు. ఎన్నడూ, ఎక్కడా అనలేదు. అయినా గొంతు ఆమెదే. మాట మాటకూ మధ్య ఆగే తీరు ఆమెదే, చివర్లో ఊపిరి వదిలే తీరు కూడా ఆమెదే. తన నోట రాని మాటను తన గొంతులోనే వింటుంటే, మిట్టమధ్యాహ్నం పూట ఆమెకు చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"పేరు అడిగింది," అంది శోభారాణి. "బుధవారం నాడు నేను ఎంటికల ఉండ చేతుల పెడుతాంటె, మనుమరాలి పేరేందమ్మా, పెద్దగైంది కద అన్నది. నేను నోరార చెప్పిన."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ఊరికే ఏడ్చే మనిషి కాదు. మొగుడు పోయినప్పుడు కూడా పీనుగ లేచేదాకా వచ్చినవాళ్ళకు చాయ్ అందిందో లేదో చూసిన మనిషి. ఆవిడ ఏడుస్తుంటే స్రవంతికి జ్వరం కన్నా ఎక్కువ భయం వేసింది.

ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళూ తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి, ఉండ చేసి, బాత్రూం కిటికీ పైనున్న బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. అత్తగారి తెల్లవి, స్రవంతి నల్లవి, తేజస్వి పొడుగువి అన్నీ అందులోనే. ఆరు నెలలకొకసారి కట్టమ్మ వచ్చి "చిక్కెంటికలకు గిన్నెలమ్మో" అని కేకేస్తే, శోభారాణి ఆ డబ్బా పట్టుకుని గేటు దగ్గర గంటసేపు బేరమాడుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇద్దరికీ అదొక పండుగ. దొరికేది పిడికెడంత స్టీలు గిన్నె. దాన్ని గెలిచినట్టు ఆవిడ లోపలికి తెస్తుంది.

మొన్న బుధవారం గెలిచిన గిన్నె ఇప్పుడు ఇంట్లో లేదు. గురువారం ఫోన్లో మాట వినగానే దాన్ని ప్రహరీగోడ మీద పెట్టించింది. శుక్రవారం సాయంత్రం పిల్లకు ఒళ్ళు వెచ్చబడింది. వేళ్ళ మీద లెక్కపెట్టి మూడో దినం అని ఆవిడ అంది.

స్రవంతి ఫోన్ ఆపేసింది. ఇంక దాచి లాభం లేదనుకుంది.

"అత్తమ్మా, ఆ గొంతు నాది."

శోభారాణి కోడలి వైపు అదోలా చూసింది. జ్వరం పిల్ల నుంచి తల్లికి పాకిందేమోనన్నట్టు చెయ్యి చాపి నుదురు కూడా ముట్టింది. స్రవంతి మొదటి నుంచీ చెప్పింది. బళ్ళో పాఠం సంగతి, మూడు జట్లుగా పిల్లలు కూర్చుని మూడు దొంగవార్తలు అల్లడం, తమ జట్టుకు మేడమే గొంతివ్వాలని ఒకరు పట్టుబడితే తాను ఒప్పుకోవడం, అంతా చెప్పింది. మొదటి సగం తనదేనని, రెండో సగం ఎవరు అతికారో తెలియదని చెప్పింది.

ఆవిడ ఓపికగా విన్నది. విని, "ఏదీ, గా మాట ఇప్పుడు అను," అంది.

స్రవంతి అంది. అక్కలారా దగ్గర మొదలుపెట్టి కళ్ళార చూసినదాకా మాట పొల్లుపోకుండా అంది.

"కాదు," అని శోభారాణి తల అడ్డంగా ఊపింది. "నువ్వు పాఠం అప్పజెప్పినట్టు చెప్తానవ్. ఆమె బుగులుపడి చెప్తాంది. గా గొంతుల కడుపుకోత ఉన్నది. పదహారేండ్ల సంది నీ మాట ఇంటాన, నీ గొంతు నాకెర్క లేదా?"

"అది నేను నటించిన, అత్తమ్మా."

"నీకు నటించుడు వచ్చా? నాకు జరమొస్తె తగ్గిందా అని అడిగెటప్పుడు సుత నీకు నటించరాదు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నలభై మంది పిల్లలకు నిజానికీ అబద్ధానికీ తేడా నేర్పే టీచరమ్మ, తన గొంతు తనదేనని ఇంట్లో ఉన్న ఒక్క మనిషిని నమ్మించలేకపోయింది.

అప్పుడే స్రవంతి భర్త వినయ్ వచ్చాడు. కాజీపేట రైల్వే షెడ్డులో రాత్రి డ్యూటీ దిగి, దారిలో రక్తపరీక్ష కాగితం తీసుకుని, మందుల సంచితో నేరుగా పిల్ల దగ్గరికి వెళ్ళాడు. డెంగీ కాదన్నారని, వానాకాలపు జ్వరమే, ఇంకో రెండు రోజులు ఉంటుందన్నారని చెప్పాడు. కాగితంలో కనబడేదైతే ఇన్ని దినాలు ఎందుకుంటుందని శోభారాణి అడిగింది. ఆయన వంటింట్లోకి వచ్చాడు. స్రవంతి వెనకే వచ్చి, అత్తగారికి చెప్పినదంతా మళ్ళీ చెప్పింది.

వినయ్ నీళ్ళగ్లాసు నింపుకున్నాడు. తాగలేదు.

"ఇంకెవలకు చెప్పినవ్?"

"అత్తమ్మకు. నమ్మలే."

"మంచిదైంది," అన్నాడు. "ఎవలకు చెప్పకు. నీ నౌకరి పోతది. గల్లీల ముఖం ఎత్తుకొని తిరుగలేం. నాలుగు దినాలైతె ఇంకోటేదో వస్తది, దీన్ని మరిచిపోతరు."

"నాలుగు దినాల్ల కట్టమ్మకు ఏమన్న అయితే?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. వంటింటి కిటికీలోంచి ప్రహరీగోడ, దాని మీద గిన్నె కనిపిస్తున్నాయి. పొద్దున పడిన వానకు గిన్నె నిండా నీళ్ళున్నాయి. ఎండకు అది కళ్ళలో పొడుస్తోంది.

"పేరు చెప్పిన్రు దాంట్ల," అంది స్రవంతి. "కాలు కుంటుతదని చెప్పిన్రు. నేనైతే ఉత్త ముసలామె అన్న. ఇప్పుడు అది ఒక మనిషి మీదికి పోతాంది. అది గూడ నా గొంతుతోనే."

"గొంతును బట్టి ఏం తెలుస్తది? ఫోన్ల అందరి గొంతులు ఒక్క తీరుగనే ఉంటయ్. మొన్న గురువారం నేను షెడ్డు నుంచి చేస్తె తేజు ఎత్తింది. నువ్వే అనుకొని బియ్యం సంగతి, మీ అన్న సంగతి అంత చెప్పిన. ఆఖరుకు అది నవ్వింది."

నవ్వుకుంటూ చెప్పాల్సిన మాటను ఆయన నవ్వకుండా చెప్పి గ్లాసు పక్కన పెట్టాడు. ఆ మాట స్రవంతి చెవిలో నిలిచిపోయింది.

బళ్ళో ఆమె బోర్డు మీద రాసే మొదటి ప్రశ్న ఒకటుంది. ఇది ఎక్కడ పుట్టింది? రెండో ప్రశ్న, ఇందులో ఉన్నది ఎవరికి మాత్రమే తెలుసు? మూడు రోజులుగా ఆమె మొదటి ప్రశ్న దగ్గరే తిరుగుతోంది. రెండోది వేసుకోలేదు. కట్టమ్మ పిల్ల పేరు అడిగిందన్న సంగతి బుధవారం గేటు దగ్గర ఉన్నవాళ్ళకే తెలుసు. గేటు దగ్గర అత్తగారు ఉంది. తలుపు చాటున బడికి తయారవుతూ తేజస్వి ఉంది.

ఆమెకు తెలుసుకోవాలని ఉంది. తెలుసుకోకుండా ఉంటే బాగుండునని అంతకన్నా ఎక్కువగా ఉంది.

గదిలోకి వెళ్ళేసరికి అత్తగారు లేదు. తేజస్వి కళ్ళు తెరుచుకుని పైకప్పు వైపు చూస్తోంది. అక్కడ అరచేయంత వెలుగు ఒకటి వణుకుతోంది. కాసేపు నిలబడుతుంది, మళ్ళీ కదులుతుంది. మంచానికి నేరుగా పైన ఉంది.

"అది పొద్దటి సంది ఉన్నది," అంది తేజస్వి. "గోడ మీద ఉండె. మెల్లగ నా మీదికి వస్తాంది."

స్రవంతికి నవ్వు రావాలి. రాలేదు. అది బయటి గిన్నెలోని నీళ్ళ మీద ఎండ పడి వస్తున్న వెలుగని, గాలికి నీళ్ళు కదిలితే అదీ కదులుతోందని చెప్పింది. ఉండు చూపిస్తానని బయటికి వెళ్ళి గోడ మీది గిన్నెను ఎత్తి, నీళ్ళు పారబోసి, కింద పెట్టింది. కిటికీలోంచి తొంగి చూస్తే పైకప్పు మీద వెలుగు లేదు.

"చూసినవా? గిన్నె తీస్తే పోయింది."

"చూసిన," అంది తేజస్వి నీరసంగా. "అంటే గిన్నెలనే ఉన్నట్టు కద అమ్మా."

లోపలికి వచ్చి స్రవంతి మంచం మీద కూర్చుంది. పిల్ల చెయ్యి చేతిలోకి తీసుకుంటే కాలుతోంది. అరవాలా, అడగాలా, ఊరుకోవాలా తోచలేదు.

"ఆ రెండో సగం నీ గొంతు కద, బిడ్డా."

తేజస్వి ఏడవలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురు చూసినదానిలా చెప్పేసింది. చెరిపినవి నెల రోజులు ఫోన్ చెత్తబుట్టలోనే ఉంటాయట. శనివారం సాయంత్రం తల్లి స్నానానికి వెళ్ళినప్పుడు అందులోంచి తీసి తన జట్టువాళ్ళకు పంపింది. మిగతా రెండు జట్ల వార్తలు ఒక్కరోజులో చచ్చిపోయాయి. తమది నడిచింది. గురువారం నాడు స్నేహితురాలి పెద్దమ్మ, పేరు లేదు, ఊరు లేదు, ఇది ఉత్తదే అని రాసిందట. ఆ సాయంత్రమే తేజస్వి తలుపేసుకుని, అమ్మ గొంతు పెట్టి, తోక అతికి మళ్ళీ పంపింది.

"పేరు, ఊరు, ఆనవాలు ఉంటే జనం నమ్ముతరని నువ్వే చెప్పినవ్. ఏది ఎక్కువ దూరం పోతదో చూద్దాం అన్నవ్. మాది అందరికంటె దూరం పోయింది."

స్రవంతి ఆ మాట అన్నది. నవ్వుతూ, పిల్లలకు హుషారు పుట్టాలని అన్నది. పాఠాన్ని పందెం చేసింది తనే. అంతదాకా పిల్ల మీద వచ్చిన కోపం తన మీదికే తిరిగింది.

"కట్టమ్మకు ఏమైతదో అనుకోలేదా?"

"మనింటికొచ్చే మనిషే కద, ఆమెనెవలు ఏమంటరు అనుకున్న." తేజస్వి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నాలుకతో తడుపుకుంది. "అమ్మా, నేను గురువారం చెప్పిన. శుక్రవారం నాకే వచ్చింది. నాయినమ్మ ఎంటికలిచ్చి మూడో దినం. నేను అన్నట్టే. అబద్ధాన్ని మంచిగ చెప్తె నిజమైతదా?"

"కాదు బిడ్డా. వానలు పడ్డయ్, దోమలు లేచినయ్. మీ క్లాసుల ఇంకా ఆరుగురికి జరమున్నది. వాళ్ళింట్ల ఎవలు ఎంటికలు ఇయ్యలే."

"నువ్వు అడిగినవా?"

స్రవంతి అడగలేదు. అడగని సంగతిని అడిగినట్టు చెప్పింది. కూతురు ఆమె ముఖంలోకే చూస్తోంది. చూసి, మళ్ళీ పైకప్పు వైపు, వెలుగు ఉండిన చోటికి కళ్ళు తిప్పుకుంది.

గేటు చప్పుడైంది. ఎదురింటి లావణ్య లోపలికి రాకుండా అక్కడి నుంచే పిలిచింది. రోజూ వంటింటిదాకా వచ్చే మనిషి ఇవాళ గడప దాటలేదు.

"అక్కా, కట్టమ్మను రాజమౌళి పెద్దనాన దుకాణం కాడ కూసోవెట్టిన్రు. ఎవలింటి ఎంటికలు వాళ్ళకు తిరిగియ్యమంటాన్రు. మీ అత్తమ్మ గూడ ఆడికే పోయింది. కాళ్ళకు చెప్పులు లేకుంట పోయింది."

వినయ్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. పిల్లను చూసుకొమ్మని మాత్రం చెప్పి స్రవంతి ఆయన పక్కనుంచి బయటపడింది.

ఆదివారం ఆ వేళకు గల్లీలో క్రికెట్ ఆడే పిల్లల గోలకు చెవులు పగిలిపోవాలి. ఇవాళ ఒక్క పిల్ల లేదు. ప్రతి ఇంటి తలుపూ నాలుగువేళ్ళ సందుతో తెరిచి ఉంది. ఆ సందుల్లో కళ్ళున్నాయి. ఆమె నడుస్తుంటే ఒక్కొక్క తలుపూ మెల్లగా మూసుకుంది. ఆమె దాటిపోయాక మళ్ళీ తెరుచుకుంది. జ్వరమున్న ఇంటి మనిషిని చూసి తప్పుకుంటున్నారని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

రాజమౌళి కిరాణా దుకాణం మెట్టు మీద కట్టమ్మ కుంటికాలు చాపుకుని కూర్చుంది. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టడం కూడా లేదు. పదిహేను ఇరవై మంది దూరంగా అర్ధచక్రంలా నిలబడి ఉన్నారు. మధ్యలో ఆకుపచ్చ సంచి బోర్లించి ఉంది. దానిలోంచి వెంట్రుకలు నేల మీద కుప్పగా పడ్డాయి. నల్లవి, తెల్లవి, గోరింటాకు ఎర్రవి ఒకదానిలో ఒకటి మెలికపడి, ఒకే ముద్దగా ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా ఒక చిన్న ఉండ ఊడి దొర్లుకుంటూ వస్తుంది. అది ఎటు దొర్లితే అటువైపు జనం వెనక్కి జరుగుతున్నారు.

"మాది మాకియ్యి, కట్టమ్మా," అని శోభారాణి బతిమాలుతోంది. "నువ్విచ్చిన గిన్నె నీకు తెచ్చిస్త. ఇంక పది గిన్నెలు ఇస్త. నా మనుమరాలియి నాకియ్యి."

"ఏది ఎవలదో నాకేమెర్క అవ్వా? అన్ని ఒక్కటే ముద్దాయె," అంది కట్టమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. తనకేమవుతోందో ఆమెకింకా పూర్తిగా అర్థమైనట్టు లేదు. ఎవరి ముఖం చూసినా పలకరించబోయి ఆగిపోతోంది.

రాజమౌళి చెడ్డవాడు కాదు. గల్లీలో ఎవరికి దవాఖాన పనిపడినా ముందుండే మనిషి, గల్లీ వాట్సాప్ గ్రూపుకు పెద్ద. వచ్చిన ప్రతి మాటనూ పదిమందికీ చేర్చడం సేవ అనుకుంటాడు. స్రవంతిని చూసి మర్యాదగా రెండడుగులు ముందుకొచ్చాడు.

స్రవంతి అందరికీ వినబడేట్టు చెప్పింది. ఆ గొంతు తనదని, బళ్ళో పాఠం కోసం తాను అల్లిన అబద్ధమని, కట్టమ్మకూ జ్వరాలకూ ఏ సంబంధమూ లేదని, తప్పు తనదేనని చెప్పింది. తన మాటలు గాలిలో కలిసిపోతున్నట్టు అనిపించి రెండోసారి కూడా చెప్పింది.

"మీ అత్తమ్మ ఇప్పుడే అన్నది మేడం," అన్నాడు రాజమౌళి జాలిగా. "బిడ్డకు బాగలేక కోడలు ఏందేందో అంటాంది, గా గొంతు నాదే అంటాంది అని. మీరు ఇంటికి పోండ్రి. మేం చూసుకుంటం."

"నిజంగ నాదే."

"సరే, మీదే అనుకుందాం. మరి కట్టమ్మ పేరు సుత మీరే చెప్పిన్రా?"

స్రవంతి నోరు తెరిచింది. ఔనంటే ఇంకో అబద్ధం. కాదంటే తర్వాత వచ్చే ప్రశ్న ఎవరని. ఒకపక్క మెట్టు మీద కుంటికాలు చాపుకున్న ముసలామె, ఇంకోపక్క ఇంట్లో కాలిపోతున్న కూతురు. ఇరవై మంది ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఆమె మాట్లాడలేకపోయింది. ఆ మౌనాన్ని జనం తమకు కావలసినట్టు అర్థం చేసుకున్నారు.

అప్పుడు వెనుక నుంచి ఆ గొంతు వినిపించింది.

"ఆమెను గుర్తువట్టుడు అల్కగనే. ఎడమకాలు కుంటుతది. ఆకుపచ్చ సంచి భుజానికుంటది."

ఎవరి ఫోనో మోగిందనుకుని అందరూ ఒకరి చేతుల వైపు ఒకరు చూసుకున్నారు. ఏ ఫోనూ మోగలేదు. గల్లీ మధ్యలో దుప్పటి కప్పుకుని, వట్టి కాళ్ళతో, జుట్టు విరబోసుకుని తేజస్వి నిలబడి ఉంది. వెనకే వినయ్ పరుగెత్తుకొస్తున్నాడు. పిల్ల ముఖం ఎర్రగా ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎంటికలు తీస్కునేటప్పుడు పిల్ల పేరు అడుగుతది. పేరు చెప్పకుండ్రి. చెప్పినోళ్ళు ఏడుస్తాన్రు." అక్కడికి ఆపి, ఊపిరి పీల్చుకుని, తన గొంతుతో అంది. "నేనే చెప్పిన. అమ్మ కాదు. కట్టమ్మ ఏం చేయలే. నేనే."

దానితో అయిపోతుందనుకుంది పాపం. పద్నాలుగేళ్ళ పిల్ల, రుజువు చూపిస్తే జనం నమ్ముతారని బళ్ళో నేర్చుకుంది.

లావణ్య తన కొడుకు ముఖాన్ని కొంగులో దాచుకుంది. గుంపులోంచి ఎవరో మెల్లగా, "రెండు గొంతులతోని మాట్లాడుతాంది," అన్నారు. ఇంకెవరో, "పిల్లను పట్టింది," అన్నారు. ఆ మాట నోటి నుంచి నోటికి పాకడానికి ఫోన్ కూడా అవసరం లేకపోయింది. శోభారాణి అక్కడే కూలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"ముసల్ది పిల్లతోని పలికిస్తాంది," అన్నాడు రాజమౌళి. చెబుతూనే జేబులోంచి ఫోన్ తీసి, వీడియో ఆన్ చేసి పైకెత్తాడు.

కాదని స్రవంతి అంటూనే ఉంది. పిల్ల చెప్పింది వినండని అంటూనే ఉంది. ఆమె మాటను ఆమె తప్ప ఎవరూ వినలేదు.

పిల్లను సరిగ్గా చూసిన మనిషి ఆ గుంపులో ఒక్క కట్టమ్మే. ఆమె మెట్టు పట్టుకుని లేచింది.

"బిడ్డ ఒళ్ళు కాలుతాంది కదనే. గీ ఎండల నిలవెట్టిన్రేంది?" అంటూ కుంటుకుంటూ ముందుకు వచ్చింది. జనం రెండుగా విడిపోయి దారి ఇచ్చారు. ఆమె కాలు వెంట్రుకల కుప్పలోనే పడింది. చీర అంచుకు రెండు మూడు ఉండలు అంటుకుని ఆమె వెంటే దొర్లాయి. ముడతలు పడిన చెయ్యి ముందుకు చాపి, పిల్ల నుదురు తాకబోతూ ప్రేమగా పిలిచింది.

"తేజస్వీ."

పేరు. అత్తగారు నోరారా చెప్పిన పేరు. స్రవంతికి అంతా తెలుసు. కథ తనదని తెలుసు, తోక కూతురిదని తెలుసు, జ్వరం దోమదని తెలుసు. ఇన్ని తెలిసిన మనిషి, ఆ ఒక్క పిలుపుకు, కూతురి రెక్క పట్టుకుని తన వెనక్కి లాక్కుంది. తానూ ఒక అడుగు వెనక్కి వేసింది.

కట్టమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళు స్రవంతి ముఖంలోకి చూశాయి. అంతదాకా ఏమీ అర్థంకానట్టు ఉన్న ఆ కళ్ళలో ఇప్పుడు అర్థమైనట్టు కనబడింది. ఆమె చెయ్యి దించుకుంది.

"పడ్డదా?" అని వెనుక నుంచి ఎవరో అడిగారు.

"పడ్డది," అన్నాడు రాజమౌళి, ఫోన్ దించకుండా. "టీచరమ్మ ఎనుకకు జరిగింది గూడ పడ్డది."